బ్రూస్ లీ నీడలో నవ్వినవాళ్లు

శ్రోతలకు నమస్కారం.

పల్లెటూళ్లో పందులు పెంచుకునే ఒక లావుపాటి యువకుడు పని వెతుక్కుంటూ హాంకాంగ్ నగరానికి వస్తాడు. అతనికి బ్రూస్ లీ అంటే ప్రాణం. రౌడీలు ఎదురైనప్పుడు బొటనవేలితో ముక్కు పక్కన ఒకసారి రాసుకుంటాడు, మునివేళ్ల మీద తేలిగ్గా అటూ ఇటూ కదులుతాడు, గొంతులోంచి పిట్ట కూసినట్టు సన్నటి కేక ఒకటి తీస్తాడు. ఆ శరీరానికీ ఆ కేకకూ పొంతన కుదరక ప్రేక్షకుడికి నవ్వు వస్తుంది. అంతలోనే అతని కాలు ఎదుటివాడి దవడ దాకా లేస్తుంది, ఒక దెబ్బ వెనుక ఇంకో దెబ్బ గురి తప్పకుండా పడుతుంది. నవ్వుతున్న ప్రేక్షకుడి నోరు అలాగే తెరుచుకుని ఉండిపోతుంది, కాకపోతే ఈసారి ఆశ్చర్యంతో. ఆ నటుడి పేరు సామో హంగ్. 1978లో వచ్చిన ఆ చిత్రం పేరు 'ఎంటర్ ద ఫ్యాట్ డ్రాగన్'. నటించడమే కాక దర్శకత్వం వహించినదీ ఆయనే.

జనం మెచ్చిన భారీ చిత్రాలకూ, యుద్ధ విద్యల తారలకూ పేరడీగా వచ్చిన పోరాట హాస్య చిత్రాలను గురించి ఈ ప్రసంగంలో మాట్లాడదలచుకున్నాను. పేరడీ అంటే వెక్కిరింత అనీ, చేతకానివాడు చేసే పని అనీ ఒక చిన్నచూపు ఉంది. నా అభిప్రాయం దానికి పూర్తిగా విరుద్ధం. తెలుగులో పేరడీ అనగానే జరుక్ శాస్త్రి గారు గుర్తుకు వస్తారు. శ్రీశ్రీ కవితలకు ఆయన కట్టిన పేరడీలు ఈనాటికీ నిలిచి ఉన్నాయంటే, ఆ నడక, ఆ ఊపు ఆయనకు కూడా కరతలామలకం కాబట్టే. సినిమాలోని పోరాటానికి కూడా ఇదే వర్తిస్తుంది. అసలు విద్య ఒంట్లో జీర్ణించుకున్నవాడు మాత్రమే దాన్ని ఒక పిసరు పక్కకు వంచి నవ్వు పుట్టించగలడు. విద్య లేనివాడు వంచితే అది విరిగిపోతుంది.

బ్రూస్ లీ హాంకాంగ్‌లో కథానాయకుడిగా వెలిగిన కాలం ఎంత చిన్నదో తలచుకుంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. 1971లో 'ద బిగ్ బాస్' విడుదలైంది, 1972లో 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ', 'ద వే ఆఫ్ ద డ్రాగన్' వచ్చాయి. 1973 జూలై 20న, ముప్పై రెండేళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు. ప్రపంచమంతటా పేరు తెచ్చిన 'ఎంటర్ ద డ్రాగన్' ఆ తరువాతి నెలలో అమెరికాలో విడుదలైంది. నాయకుడు లేడు, నాయకుణ్ణి చూడాలన్న జనం ఆకలి మాత్రం అప్పుడే మొదలైంది. ఆ ఆకలిని సొమ్ము చేసుకోవడానికి నిర్మాతలు పోలికలున్న యువకులను పట్టుకొచ్చి బ్రూస్ లై అనీ బ్రూస్ లే అనీ పేర్లు తగిలించారు, అదే జుట్టు కత్తిరింపు, అదే నల్ల కళ్లద్దాలు, అదే కేకతో చిత్రం వెంట చిత్రం తీశారు. వాటిలో నటించినవారిలో నిజంగా విద్య ఉన్నవారు కొందరున్నారు, వారి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ చిత్రాలు చనిపోయిన మనిషి ముఖాన్ని తొడుక్కున్న నకళ్లు. నకలుకు తాను నకలునని ఒప్పుకునే ధైర్యం ఉండదు. పేరడీ ఆ మాటను మొదటి క్షణంలోనే ఒప్పుకుంటుంది.

'ఎంటర్ ద ఫ్యాట్ డ్రాగన్' ఈ రెండింటి మధ్య గీతను తెర మీదే గీసి చూపించింది. కథలో ఒకచోట సినిమా షూటింగు జరుగుతూ ఉంటుంది, అక్కడ బ్రూస్ లీ వేషం కట్టిన నటుడు ఒకడు గొప్పలు పోతూ ఉంటాడు. మన లావుపాటి అభిమానికి అది సహించరానిదవుతుంది. తన దేవుణ్ణి ఇలా చవకబారుగా అమ్ముకుంటారా అన్నట్టు ఆ నటుడి పని పడతాడు. హాస్య సన్నివేశమే అయినా అందులో నిజమైన కోపం ఉంది. ఆ కోపానికి అర్హత కూడా ఉంది. 'ఎంటర్ ద డ్రాగన్' మొదట్లోనే బ్రూస్ లీతో తలపడి, చివరికి నేల మీద చేయి మెలికలో చిక్కుకుని ఓటమి ఒప్పుకునే బొద్దు యువకుడు ఈ సామో హంగే. ఆయన తరువాత అనుకరించిన కేకను ఒకనాడు అడుగు దూరం నుంచి స్వయంగా విన్నవాడు.

ఇక్కడ ఆయన చదువును గురించి ఒక మాట చెప్పాలి. సామో హంగ్, జాకీ చాన్, యూయెన్ వా చిన్నతనంలో హాంకాంగ్‌లో యూ జిమ్ యూయెన్ అనే గురువు నడిపిన పెకింగ్ ఒపెరా అనే చైనా సంప్రదాయ సంగీత నాటక పాఠశాలలో కలిసి పెరిగారు. తలకిందులుగా నిలబడడం, పిల్లిమొగ్గలు, కత్తిసాము, పాట, ముఖానికి రంగు, అన్నీ ఏళ్ల తరబడి దెబ్బలు తింటూ నేర్చుకున్నారు. పెకింగ్ ఒపెరాలో 'వూచౌ' అనే పాత్ర ఒకటి ఉంది. అది విదూషకుడి పాత్రే, కానీ మాటలతో సరిపెట్టుకునే విదూషకుడు కాడు, యోధుడిలా గెంతుతూ పల్టీలు కొడుతూ నవ్వించేవాడు. అంటే హాస్యాన్నీ పోరునూ ఒకే దేహంలో ఇమడ్చడం ఈ కుర్రాళ్లు సినిమాకు వచ్చాక కనిపెట్టిన సంగతి కాదు, వారి చదువులోనే ఉన్న సంప్రదాయం. వీరి చిత్రాలను కేవలం బ్రూస్ లీకి ప్రతిక్రియగా చూసే విమర్శకులు ఈ సంగతిని తరచూ వదిలేస్తారు. అది నాకు వెలితిగా తోస్తుంది.

జాకీ చాన్ కథ మరీ ఆసక్తికరం. 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' చివరి పోరాటంలో బ్రూస్ లీ తన్నిన తన్నుకు గోడను చీల్చుకుని బయటకు పడే ప్రతినాయకుడికి డూపుగా ఎగిరి పడ్డది ఈయనే. బ్రూస్ లీ పోయాక, ఆ చిత్రానికి దర్శకుడైన లో వెయ్, 1976లో దానికి కొనసాగింపు తీస్తూ జాకీ చాన్‌ను రెండో బ్రూస్ లీగా నిలబెట్టాలని చూశారు. బ్రూస్ లీని చైనా భాషలో 'చిన్న డ్రాగన్' అనేవారు కనుక ఈ యువకుడికి 'డ్రాగన్‌గా మారినవాడు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ప్రేక్షకులు ఆదరించలేదు. ఎవరి నీడలోనో నిలబడి కోపంగా కళ్లెర్రజేయడం ఆ ముఖానికి నప్పే పని కాదు.

రెండేళ్ల తరువాత, 1978లో, యూయెన్ వూ పింగ్ దర్శకత్వంలో 'డ్రంకెన్ మాస్టర్' వచ్చింది. అందులో జాకీ చాన్ వేసినది వోంగ్ ఫెయ్ హుంగ్ పాత్ర. ఈ వోంగ్ ఫెయ్ హుంగ్ కల్పిత పాత్ర కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టి 1925 దాకా జీవించిన వైద్యుడు, యుద్ధ విద్యల ఆచార్యుడు. 1949 నుంచి క్వాన్ టాక్ హింగ్ అనే నటుడు ఆయన పాత్రను పదుల కొద్దీ చిత్రాలలో మహా గంభీరంగా, నీతివంతుడైన పెద్దమనిషిగా పోషించి జనం మనసులో దాదాపు గుడి కట్టారు. అటువంటి మహానుభావుణ్ణి తీసుకొచ్చి, పాఠం ఎగ్గొట్టి, అల్లరి చేసి, తండ్రి చేత చీవాట్లు తిని, తాగుబోతు గురువు చేతిలో నానా తిప్పలు పడే కొంటె కుర్రవాడిగా చూపిస్తే ఎంత సాహసమో ఊహించండి.

ఆ చిత్రంలోని చివరి పోరాటాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. తాగినవాడిలా తూలుతూ కొట్టే ఆ విద్యలో ఎనిమిది రీతులున్నాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క దివ్యపురుషుడి పేర వెలసినది. ఎనిమిదోది స్త్రీమూర్తి పేర ఉన్నది. ఆడవారి వయ్యారాలు నాకెందుకు అని కుర్రవాడు ఆ ఒక్క పాఠాన్ని నేర్చుకోకుండా వదిలేస్తాడు. సరిగ్గా ప్రాణం మీదికి వచ్చిన వేళ, మిగతా ఏడు రీతులకూ ప్రత్యర్థి విరుగుడు కనిపెట్టిన వేళ, ఆ ఎనిమిదోది వాడమంటాడు గురువు. నేర్చుకోలేదని శిష్యుడు ఒప్పుకోక తప్పదు. అయితే నువ్వే కల్పించు అంటాడు గురువు. అప్పుడు జాకీ చాన్ నడుము తిప్పుతూ, సిగ్గు నటిస్తూ, అద్దంలో చూసుకుంటున్నట్టు చేతులు ఆడిస్తూ, ఆ ప్రతి విలాసం చివరా ఒక దెబ్బ వేస్తాడు. నవ్వు పుట్టించే కదలికా, ప్రాణం నిలబెట్టే దెబ్బా వేర్వేరుగా ఉండవు, ఒకటే కదలిక రెండు పనులూ చేస్తుంది. పోరాట హాస్యం ఇంతకంటే ఎత్తుకు వెళ్లడం అరుదు అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇలాంటి సన్నివేశాలలో కెమెరా పాత్ర చాలా ఉంది. దెబ్బ ఎక్కడ మొదలైందో, ఎక్కడ తగిలిందో, తగిలినవాడి ముఖం ఎలా మారిందో, ఈ మూడూ ఒకే చట్రంలో కనిపిస్తేనే నవ్వు వస్తుంది. ముక్కలు ముక్కలుగా కత్తిరించి అతికిస్తే వేగం ఉన్నట్టు భ్రమ కలుగుతుంది గాని హాస్యానికి కావలసిన తాళం తప్పుతుంది. మూకీ చిత్రాల హాస్యనటులకు ఈ రహస్యం తెలుసు. హెరాల్డ్ లాయిడ్ 1923లో గడియారం ముల్లు పట్టుకుని వేలాడితే, జాకీ చాన్ 1983లో 'ప్రాజెక్ట్ ఎ' కోసం గడియార స్తంభం ముల్లు నుంచి వేలాడి, గుడ్డ పందిళ్లను చీల్చుకుంటూ నిజంగానే నేల మీద పడ్డారు.

అమెరికాలో ఈ పేరడీ మరో దారి పట్టింది. 1977లో జాన్ లాండిస్ దర్శకత్వంలో వచ్చిన 'ద కెంటకీ ఫ్రైడ్ మూవీ'లో ఒక పెద్ద భాగం అచ్చంగా 'ఎంటర్ ద డ్రాగన్' మీద కట్టినదే. దుర్మార్గుడి కోట, రహస్య కార్యం, అన్నీ వరుసగా వస్తాయి. దాన్ని రాసిన జుకర్ సోదరులు, జిమ్ ఏబ్రహామ్స్ ముగ్గురూ 1980లో 'ఎయిర్‌ప్లేన్' తీశారు. 1957 నాటి 'జీరో అవర్' అనే గంభీరమైన విమాన చిత్రం హక్కులు కొని, దాని కథను, చాలాచోట్ల సంభాషణలను కూడా అలాగే ఉంచి నవ్వించారు. అంతకుముందు గంభీర పాత్రలకే పేరుపడిన రాబర్ట్ స్టాక్, లెస్లీ నీల్సన్ వంటి నటులను ఎంచుకుని, ఎంత అర్థంలేని మాటనైనా ముఖంలో చిరునవ్వు కదలకుండా చెప్పించడం వారి పద్ధతి. తాను హాస్య చిత్రంలో ఉన్నానన్న సంగతి పాత్రకు తెలియకూడదు. యుద్ధ కళల పేరడీకి కూడా ఇది ప్రాణసూత్రమే. తన్నుతూ తన్నుతూ ప్రేక్షకుడి వైపు కన్ను గీటిన మరుక్షణం తన్నులోని బరువు పోతుంది.

2002లో స్టీవ్ ఓడెకెర్క్ తీసిన 'కుంగ్ పౌ' మరో వింత ప్రయోగం. 1976 నాటి ఒక హాంకాంగ్ చిత్రాన్ని తీసుకుని, కంప్యూటరు సాయంతో అందులోకి తానే దూరి, మిగతా పాత్రలకు కొత్త మాటలు అతికించారు. అక్కడ వెటకారానికి గురి అయినది డబ్బింగు. పెదవుల కదలిక ఒకటి, వినిపించే మాట ఒకటి. హాంకాంగ్ చిత్రాలను ఆ కాలంలో చిత్రీకరణ వేళ శబ్దం లేకుండా తీసి, ఆ తరువాత గొంతులు కలిపేవారు, పరభాషల్లోకి వెళ్లేసరికి తేడా మరింత పెరిగేది. ఆ ప్రయోగంలో తెలివి ఉంది, కష్టం ఉంది. అయినా నా మనసు దానితో పూర్తిగా కలవదు. లోపాన్ని మాత్రమే చూసి నవ్వే చిత్రం, ఆ లోపం వెనుక రెక్కలు ముక్కలు చేసుకున్న మనుషులను చూడకుండా పోతుంది. ఆ మాటకొస్తే ఎన్నో పేరడీలు దెబ్బతినేది ఇక్కడే. తెలిసిన సన్నివేశాన్ని మళ్లీ చూపించి, గుర్తుపట్టారా అని అడిగి, గుర్తుపట్టినందుకే నవ్వమంటాయి.

ఆ మనుషులను చూసిన చిత్రం ఒకటుంది. 2004లో స్టీఫెన్ చౌ తీసిన 'కుంగ్ ఫూ హసిల్'. ఒక పేదల వాడ, దాని మీదికి వచ్చే గొడ్డళ్ల ముఠా, ఆ వాడ యజమానులైన గయ్యాళి భార్య, ఆమెకు దడిసే భర్త. జుట్టు ఉంగరాలు తిరగడానికి కర్లర్లు చుట్టుకుని, నోట్లో సిగరెట్టుతో అరుస్తూ తిరిగే ఆ ఇల్లాలు కార్టూను బొమ్మలా కాళ్లు చక్రాల్లా తిప్పుతూ పరుగెత్తుతుంది. అంతా అతిశయోక్తే. కానీ ఆ పాత్రలు వేసినవారెవరో చూడండి. ఇల్లాలిగా వేసిన యూయెన్ చియు అదే ఒపెరా పాఠశాల విద్యార్థిని. 1974లో జేమ్స్ బాండ్ చిత్రం ఒకదానిలో కనిపించి, తరువాత ఏళ్ల తరబడి తెరకు దూరమైనవారు. అతి భయంకరమైన ప్రతినాయకుడిగా బనీను, చెప్పులతో వచ్చిన బట్టతల మనిషి బ్రూస్ లియాంగ్. చైనా భాషలో ఆయన తెరపేరు లియాంగ్ సియు లుంగ్. బ్రూస్ లీ పేరు తగిలించుకుని నిలబడవలసి వచ్చిన తరం వారిలో ఆయన ఒకరు. ఇక దడుపుగొట్టు భర్తగా వేసిన యూయెన్ వా, 'ఎంటర్ ద డ్రాగన్'లో బ్రూస్ లీకి డూపుగా పల్టీలు కొట్టినవారు. తెర మీద బ్రూస్ లీ వెనక్కి పల్టీ కొట్టి తన్నిన తన్ను చూసి లోకమంతా ఈల వేసింది. గాలిలో ఉన్న ఆ దేహం యూయెన్ వాది. ముఖం చూపించకుండా చేసిన ఆ పనికి ముప్పై ఏళ్ల తరువాత ఒక హాస్య చిత్రం ఆయన ముఖాన్ని నడిమధ్యన నిలబెట్టింది.

ఆ చిత్రంలో ఒక చిన్న సన్నివేశం ఉంది. ముఠా నాయకుడు కారులో కూర్చుని ఉండగా ఈ భార్యాభర్తలు అందులోనే ప్రత్యక్షమవుతారు. ఇల్లాలు ఒక్క మాట కూడా మాట్లాడదు. పిడికిలి బిగించి వేళ్ల కణుపులు విరుస్తుంది, గడ్డం ఒక్కసారి పైకి ఎగరేస్తుంది. నాయకుడు ఊపిరి బిగపట్టి తల ఊపుతాడు. 'ద వే ఆఫ్ ద డ్రాగన్'లో బ్రూస్ లీ ముఠా పెద్దను హెచ్చరించిన తీరు అది, సైగ వెంట సైగగా. ఆ కారులో భయపడుతూ కూర్చున్న ముఠా నాయకుడిగా నటించినది చాన్ క్వోక్ క్వాన్. మూడేళ్ల ముందు, 2001లో, స్టీఫెన్ చౌ తీసిన 'షావొలిన్ సాకర్'లో బ్రూస్ లీ పోలికలతో గోల్‌కీపరు వేషం కట్టి జనాన్ని నవ్వించిన నటుడు అతనే. 2008లో చైనా టెలివిజన్ బ్రూస్ లీ జీవితాన్ని యాభై భాగాల ధారావాహికగా తీసినప్పుడు, బ్రూస్ లీగా నటించడానికి పిలిచింది ఇతన్నే.