నీళ్లలో మునిగిన గుడి, నంద్యాల తగాదా

ప్రసన్న: అందరికీ నమస్తే. ఈ వారం ఒక శ్రోత వాయిస్ మెసేజ్‌తో మొదలుపెడదాం. వాళ్ల నాయనమ్మ ఊళ్లో మెథడిస్టు గుడి, అంటే ఆ క్రైస్తవ శాఖ వాళ్ల చర్చి, ఉండేదంట. శ్రీశైలం డ్యాం నీళ్లలో ఊరితో పాటు అదీ పోయిందంట. దాని చరిత్ర చెప్పమంటున్నారు. సాల్మన్ అన్నా, రిజిస్టర్ల మాట ఇప్పుడే ఎత్తొద్దు.

సాల్మన్: ఎత్తనులే. 1981లో వంద పైచిలుకు ఊళ్లు ఖాళీ అయినాయి. మా అమ్మ ఊరూ అందులోదే. చౌటి మిద్దె, నాపరాళ్ల అరుగు, వేపచెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్క. గంట అదే. వారమంతా బడి, ఆదివారం గుడి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టినారు. చాలా మంచి పని. మాలపల్లెలో ఉన్న మా మిద్దె గోడలు మాత్రం ఎవరికీ కనపడలేదు.

ప్రసన్న: మరి అది మెథడిస్టు గుడేనా?

సాల్మన్: నాకు నమ్మకం లేదు. మిషన్లు, అదే విదేశీ మతప్రచార సంఘాలు, ప్రాంతాలు పంచుకున్నాయి కదా. కర్నూలు దిక్కు అమెరికన్ బాప్టిస్టులు, నంద్యాల దిక్కు ఇంగ్లండు చర్చి వాళ్ల, అంటే ఆంగ్లికన్ల, ఎస్పీజీ మిషన్, కడప, అనంతపురాల్లో లండన్ మిషన్. మెథడిస్టులైన వెస్లీ మిషన్ వాళ్లు మెదక్‌లో. అసలు నంద్యాలలో మెథడిస్టుల పేరు చెబితేనే పేచీ.

ప్రసన్న: 1947 గురించేనా?

సాల్మన్: ఆ. సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ భారత ఐక్య సంఘం వాళ్లు ఒకటైనారు. నంద్యాల దిక్కు వేలమంది మాత్రం మేము రాము అన్నారు. బిషప్పు తలమీద చెయ్యి పెట్టి అభిషేకించని అయ్యగార్లను కూడా సీఎస్ఐ ఉన్నవాళ్లను ఉన్నట్టే తీసుకుంది. అట్లాంటి అయ్యగారి చేతి నుంచి ప్రభువు బల్ల, ఆ రొట్టె, ద్రాక్షారసం, ఎట్లా తీసుకుంటామని వీళ్ల బాధ. ఆంగ్లికన్ల పెద్ద బిషప్పు, కలకత్తా మెట్రోపాలిటన్ కిందనే ఉండిపోయినారు. కలిసింది 1975లో.

ప్రసన్న: ఇరవై ఎనిమిదేళ్లన్నా! దానికోసం ఊళ్లలో ఎన్ని సంబంధాలు తెగినాయో! మా మేనత్త పెళ్లి ఆగిపోయింది ఇందుకే. అటువాళ్లు సీఎస్ఐ, ఇటువాళ్లు కాదు. పగలంతా ఒకే చేలో కలుపు తీసేవాళ్లు, ఆదివారం మొహాలు చూసుకోరు. దొరలు నేర్పిన పట్టింపు కోసం మనవాళ్లు విడిపోవాలా?

సాల్మన్: దొరలు నేర్పిందే అనుకో. కరువులో గంజి కోసం వచ్చినారని వీళ్లను ఊరంతా తిట్టింది. ఆ మాట పడి, వెలివేతలు భరించి, మూడు తరాలు పట్టుకున్న విశ్వాసమమ్మా. ఒక రోజు మద్రాసులో మార్చుకోమంటే, ఎందుకు మార్చుకోవాలని అడిగినారు. మాలపల్లె మనిషి బిషప్పును ప్రశ్నించడం చిన్న విషయమా? నాకది గౌరవంగా ఉంటుంది.

ప్రసన్న: ప్రశ్నించడం నాకూ గౌరవమే. మరి ఆడవాళ్లను ఎవరన్నా అడిగినారా? మా మేనత్తను అడిగినారా?

సాల్మన్: ...లేదు. ఆమెను అడగలేదు.

ప్రసన్న: ఆమెకు తర్వాత పెళ్లే కాలేదన్నా.

సాల్మన్: ఆమె పేరు బాప్తిస్మ రిజిస్టర్లో ఉంటుంది కదా?

ప్రసన్న: వచ్చేసింది రిజిస్టర్!

సాల్మన్: వినమ్మా, నవ్వకు. ఊరు ఖాళీ చేసేటప్పుడు మా ఉపదేశి, అదే ఊళ్లో ప్రార్థన నడిపే ఆయన, కొడుకు బియ్యం సంచిలో వేసుకొచ్చిన పుస్తకం నేను చూసినాను. సిరా గోధుమరంగు తిరిగింది. బిడ్డ పేరు, తల్లిదండ్రులు, ఊరు, తండ్రి వృత్తి. వృత్తి కింద పేజీ పొడుగునా కూలి, కూలి, కూలి. ఒక్కచోట మాత్రం బడిపంతులు అని ఉంది, అక్షరాలు కొంచెం పెద్దగా. అది ఉపదేశి సొంత బిడ్డ. ఇట్లాంటి ఉపదేశుల చేతిరాతతోనే ఇంత చరిత్ర మిగిలింది, వాళ్ల పేరు ఏ మిషన్ పుస్తకంలోనూ ఉండదు. ఆ శ్రోతది మెథడిస్టు గుడో కాదో కూడా రిజిస్టర్ చూస్తేనే తేలుతుంది. బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారి సంతకం ఉంటుంది.

ప్రసన్న: ఆ ఇంటివాళ్ల దగ్గర పుస్తకం ఏదన్నా ఉందేమో అడుగుతా. ఇంతకీ గుడి చరిత్ర చెబుతామని కూర్చున్నాం మనం.

సాల్మన్: చెప్తున్నది అదే కదప్పా! చెదలు పట్టకముందే ప్రతి పేజీ ఫోటో తీయించాలి. మొన్న బనగానపల్లె నుంచి ఒకాయన...

ప్రసన్న: అన్నా, ఛార్జింగ్ అయిపోతోంది. ఆయన సంగతి వచ్చేవారం.

సాల్మన్: ఆయన దగ్గర ఏకంగా పెట్టెడున్నాయి...