ఇద్దరూ మొక్కేది ఒకే దేవుడికి

హోస్ట్: నమస్కారం, కడప నుంచి మాట్లాడుతున్నాం. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, అమెరికా అధ్యక్షుడిగా చేసిన అబ్రహాం లింకన్‌కు దేవుడంటే బాగా భక్తి అంటారు కదా?

మేడమ్: భక్తి ఉంది నాయనా. కానీ ఏ చర్చిలోనూ సభ్యుడిగా చేరలేదు. 1862 ఫిబ్రవరిలో పదకొండేళ్ల కొడుకు విల్లీ వైట్‌హౌస్‌లోనే జ్వరంతో పోయాడు. బయటేమో బానిసత్వం గొడవతో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం. లింకన్‌ది ఉత్తరం పక్షం.

హోస్ట్: అంత కష్టంలో నమ్మకం చెదరలేదా?

మేడమ్: ఆయన తనకోసం రాసుకున్న కాగితం ఒకటుంది, చనిపోయాక బయటపడింది. రెండు పక్షాలూ దేవుడి ఇష్టప్రకారమే నడుస్తున్నామంటున్నాయి, ఇద్దరిదీ తప్పు కావచ్చు, ఒకరిదైతే తప్పే అని రాసుకున్నాడు. దేవుడి ఉద్దేశం మన ఇద్దరి ఉద్దేశాలకూ వేరేగా ఉండొచ్చు అని కూడా. యుద్ధం నడిపిస్తున్న మనిషి ఇట్లా రాసుకోవడం చిన్న సంగతా!

అది చదివినప్పుడల్లా నాకు మా వీధిలో అన్నదమ్ములు గుర్తొస్తారు. పొలం తగాదా. కోర్టు వాయిదా రోజు పొద్దున్నే ఇద్దరూ దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికే టెంకాయ తెచ్చేవాళ్లు. ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్లు. పూజారి మాత్రం ఇద్దరి గోత్రాలూ ఒకే గొంతుతో చదివేవాడు. గోత్రం ఒకటే కదా!

హోస్ట్: అయితే లింకన్ దృష్టిలో యుద్ధంలోని రెండు పక్షాలూ సమానమేనా?

మేడమ్: కాదు, అక్కడే జాగ్రత్తగా వినాలి. 1865 మార్చి 4, రెండోసారి ప్రమాణస్వీకారం. గెలుపు కళ్లముందే ఉంది. దేవుడు మన పక్కే అంటే జనం ఊగిపోయేవాళ్లు. ఆయన ఏమన్నాడంటే, ఇద్దరూ చదివేది ఒకే బైబిల్, మొక్కేది ఒకే దేవుడికి, ఒకరి మీద ఒకరు గెలవడానికి ఆయన సాయమే అడుగుతున్నారు. ఇంకొకరి చెమటతో రొట్టె సంపాదించుకోవడానికి దేవుడి సాయం అడగడం వింతగా ఉందన్నాడు. బానిసత్వం తప్పని తేల్చి చెప్పినట్టే. కానీ ఆ పాపానికి శిక్షగా ఈ యుద్ధం ఉత్తరానికీ దక్షిణానికీ ఇద్దరికీ వచ్చిందేమో అన్నాడు. తన పక్షాన్ని కూడా బోనులో నిలబెట్టాడు నాయనా. అందుకే ఆ భక్తిని నమ్ముతాను నేను.

హోస్ట్: ఆ తర్వాత 41 రోజులకే కాల్చేశారు.

మేడమ్: అవును. గుడ్‌ఫ్రైడే రాత్రి.

హోస్ట్: మరి ఆ అన్నదమ్ములు?

మేడమ్: ఇంకా మాట్లాడుకోవట్లేదు. మొన్న ఉగాదికి ఆ గుడికే ముస్లింలు కూడా వచ్చి స్వామికి మొక్కుకుంటుంటే, వీళ్లిద్దరూ చెరో స్తంభం దగ్గర నిలబడి ఉన్నారు.