ఒకే పార్టీలో ఇద్దరు: 2008 ప్రైమరీలో బలాబలాల బేరీజు

శ్రోతలకు నమస్కారం.

మన దగ్గర ఒక నియోజకవర్గంలో పార్టీ తరఫున ఎవరు నిలబడాలన్నది చివరికి అధిష్ఠానం తేలుస్తుంది. బీ ఫారం ఎవరి చేతికి వస్తే వారే అభ్యర్థి. ఆశావహులలో ఎవరి బలమేమిటి, ఎవరి లోపమేమిటి అన్న లెక్క నాలుగు గోడల మధ్య జరుగుతుంది కాబట్టి, ఆ లెక్క ఎలా వేశారో ఓటరుకు తెలిసే అవకాశం తక్కువ. అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలలో మాత్రం ఆ బేరీజు నెలల తరబడి బహిరంగంగా, రాష్ట్రం తరువాత రాష్ట్రంలో సాగుతుంది. ఒకే పార్టీవారు, దాదాపు ఒకే విధానాలను నమ్మేవారు, ఒకరినొకరు ప్రజల ముందు తూకానికి పెట్టుకుంటారు. ఆ పని ఎంత కష్టమైనదో గ్రహించడానికి 2008లో డెమోక్రటిక్ పార్టీలో బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్‌ల మధ్య జరిగిన పోటీని మించిన ఉదాహరణ నాకు కనిపించదు.

కాగితం మీద చూస్తే అది పోటీయే కాదు. హిల్లరీ ఎనిమిదేళ్లు అధ్యక్షుని భార్యగా వైట్ హౌస్‌ను లోపలి నుంచి చూశారు. 2001 నుంచి న్యూయార్క్ సెనేటర్. దేశమంతటా పార్టీ పెద్దలతో పాత పరిచయాలు. ఒబామా అమెరికా సెనేట్‌లో అడుగుపెట్టింది 2005 జనవరిలో. అంతకుముందు ఆయన ఇల్లినాయ్ రాష్ట్ర సెనేట్ సభ్యుడు మాత్రమే. అనుభవమే కొలబద్ద అయితే ఇద్దరికీ పొంతన లేదు. కానీ అనుభవమంటే గడిచిన సంవత్సరాల సంఖ్య మాత్రమే కాదు, ఆ సంవత్సరాలలో తీసుకున్న నిర్ణయాల చిట్టా కూడా. ఇరాక్‌పై సైనిక చర్యకు అధికారమిస్తూ 2002 అక్టోబరులో సెనేట్ చేసిన తీర్మానానికి హిల్లరీ అనుకూలంగా ఓటు వేశారు. అదే నెల 2వ తేదీన షికాగోలో జరిగిన సభలో ఒబామా ఆ యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ మాట్లాడారు. ఆరేళ్ల తరువాత, ఆ యుద్ధంపై విసిగిపోయిన పార్టీ ఓటర్ల ముందు, ఆమె అనుభవమే ఆమెకు గుదిబండ అయింది. అయితే న్యాయంగా చెప్పుకోవాలంటే, అప్పటికి ఒబామా అమెరికా సెనేట్‌లో లేరు. చేయి ఎత్తి తీరవలసిన బరువు ఆయన మీద పడలేదు. సభలో చెప్పిన మాటనూ, సెనేట్‌లో వేసిన ఓటునూ ఒకే తూనికరాయితో తూచడం సరికాదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

అనుభవం ఒక్కటే గెలిపించదనడానికి అదే పోటీలో మరో సాక్ష్యం జో బైడెన్. 1973 నుంచి సెనేట్‌లో ఉన్న ఆయనకు తొలి పోటీ జరిగిన అయోవా రాష్ట్రంలో ఒక్క శాతం మద్దతు కూడా దక్కలేదు. ఆ రాత్రే పోటీ నుంచి తప్పుకొన్నారు. ఓటర్లు లెక్కలోకి తీసుకోని ఆ దీర్ఘానుభవాన్నే కొన్ని నెలల తరువాత ఒబామా తనకు అవసరమైన బలంగా చూసి, ఆయనను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్నారు. ఇక అయోవాలో రెండో స్థానంలో నిలిచిన జాన్ ఎడ్వర్డ్స్ పేదరికం గురించి మిగిలిన ఇద్దరికంటే గట్టిగా మాట్లాడారు. జనవరి 30న పోటీ విరమించుకున్న ఆయన, అంతకుముందు ఖండించిన వివాహేతర సంబంధాన్ని ఆగస్టులో స్వయంగా అంగీకరించారు. ఆయనకే నామినేషన్ దక్కి ఉంటే ఆ పార్టీ పరిస్థితి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఎంత జాగ్రత్తగా తూచే ఓటరుకైనా కళ్లెదుట లేనిదాన్ని తూచే వీలు లేదు.

జనవరి 3 నాటి అయోవా కాకస్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అప్పట్లో డెమోక్రాట్ల కాకస్‌లో రహస్య బ్యాలెట్ ఉండేది కాదు. గడ్డకట్టే చలిలో, రాత్రి ఏడు గంటలకు, బడి వ్యాయామశాలలోనో చర్చి హాలులోనో ఇరుగుపొరుగువారు చేరి, తాము కోరుకునే అభ్యర్థి పేరిట ఒక మూలన గుంపుగా నిలబడేవారు. చాలా చోట్ల కనీసం పదిహేను శాతం మంది లేని గుంపు చెల్లేది కాదు. అందులోనివారు మరో గుంపులోకి వెళ్లవలసి వచ్చేది, లేదా ఊరకుండవలసి వచ్చేది. అప్పుడు పక్కింటివారే వచ్చి, మా వైపు రండి, ఎందుకో చెబుతామని బతిమాలేవారు. అలా మొదట ఒకరి వెనుక నిలబడినవారి రెండో ఇష్టం ఎవరన్నది కూడా బలంగా మారేది. 2004తో పోలిస్తే ఆ రాత్రి దాదాపు రెట్టింపు జనం వచ్చారు. ఒబామాకు 38 శాతం, ఎడ్వర్డ్స్‌కు 30 శాతం, హిల్లరీకి 29 శాతం వచ్చాయి. తెల్లవారు అత్యధికంగా ఉన్న రాష్ట్రంలో నల్లజాతి అభ్యర్థి గెలవడంతో, ఆయన గెలవలేరేమోనన్న సందేహం దేశమంతటా చాలామందిలో సడలింది.

ఐదు రోజులకే న్యూహాంప్‌షైర్‌లో తూకం తిరగబడింది. పోలింగ్‌కు ముందురోజు పోర్ట్స్‌మత్ పట్టణంలోని ఒక కాఫీ హోటల్‌లో హిల్లరీ కొద్దిమంది మహిళలతో కూర్చుని ఉండగా, ఇంత శ్రమను ఎలా తట్టుకుంటున్నారని వారిలో ఒకరు అడిగారు. సమాధానం చెబుతూ ఆమె గొంతు పూడుకుపోయింది, కళ్లు చెమర్చాయి. బిగువైన మనిషి, మనసు విప్పదు అన్నది అంతవరకు ఆమె లోపాలలో మొదటిది. మర్నాడు ఆమె 39 శాతంతో గెలిచారు. ఆ ఒక్క దృశ్యమే గెలిపించిందని నేను అనను. కానీ ఒక స్త్రీ దృఢంగా ఉంటే కరకుదనమనీ, కంటతడి పెడితే బలహీనత అనీ ముద్ర వేసే అలవాటు తూచేవారి లోపమే తప్ప ఆమె లోపం కాదు.

వ్యక్తుల గుణగణాల గురించి ఇంత చర్చ జరిగినా, ఫలితాన్ని తేల్చినవాటిలో నియమావళిపై పట్టు ముఖ్యమైనది. అభ్యర్థిని లాంఛనంగా ఎన్నుకునేది పార్టీ జాతీయ సమావేశానికి వెళ్లే ప్రతినిధులు; డెమోక్రటిక్ పార్టీలో రాష్ట్రంలో గెలిచినవారికి ఆ ప్రతినిధులందరూ దక్కరు. ఓట్ల నిష్పత్తిని బట్టి పంపకం జరుగుతుంది. నలుగురు ప్రతినిధులున్న జిల్లాలో అరవై శాతం ఓట్లు తెచ్చుకున్నా దక్కేది ఇద్దరే, ఓడినవారికీ ఇద్దరే. ముగ్గురున్న జిల్లాలోనైతే ఒక్క ఓటు ఆధిక్యంతో రెండు, ఒకటిగా పంచుకుంటారు. ఫిబ్రవరి 5న, చాలా రాష్ట్రాలలో ఒకేసారి పోలింగ్ జరిగే సూపర్ ట్యూస్‌డే నాడు, మన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన న్యూజెర్సీలో పదకొండు లక్షలకు పైగా ఓట్లు పోలై హిల్లరీ గెలిచారు. ఆమెకు 59 మంది, ఒబామాకు 48 మంది. ఆధిక్యం పదకొండు. అదేరోజు పశ్చిమాన కొండల మధ్య ఉన్న చిన్న రాష్ట్రం ఐడహోలో కాకస్‌కు వచ్చినవారు సుమారు ఇరవై ఒక్క వేలు. ఒబామాకు 15 మంది, హిల్లరీకి ముగ్గురు. ఆధిక్యం పన్నెండు. రిపబ్లికన్ల కోట అయిన ఆ రాష్ట్రంలో ఆయన వర్గం ముందుగానే కార్యాలయం తెరిచి, మనుషులను పెట్టింది. హిల్లరీ వర్గం మాత్రం ఆ రోజుతో పోటీ ముగిసిపోతుందన్న ధీమాతో డబ్బు ఖర్చు చేసి, చివరకు ఆమె సొంత సొమ్ము యాభై లక్షల డాలర్లు అప్పుగా ఇవ్వవలసి వచ్చింది. ఆ తరువాత వరుసగా పదకొండు పోటీలలో ఒబామా గెలిచారు. నియమాలను చదవడం, మనుషులను కూడగట్టడం, డబ్బును నిలవ ఉంచుకోవడం కూడా పరిపాలనా సామర్థ్యానికి గుర్తులే కాబట్టి, ఇక్కడ అనుభవం లేదన్న అభ్యర్థే అనుభవజ్ఞునిలా నడిచారని ఒప్పుకోక తప్పదు.

మార్చిలో ఇద్దరి లోపాలూ బయటపడ్డాయి. ఒబామా చర్చి పాస్టర్ జెరమయా రైట్ అమెరికాను తీవ్రంగా నిందించిన ప్రసంగాలపై దుమారం రేగినప్పుడు, ఆయన 18వ తేదీన ఫిలడెల్ఫియాలో జాతి సమస్యపైనే సుదీర్ఘంగా మాట్లాడి దాన్ని ఎదుర్కొన్నారు. 1996లో బోస్నియాలో కాల్పుల మధ్య దిగానని హిల్లరీ చెప్పిన మాట వీడియోతో పొసగక, పొరపాటుగా చెప్పానని ఆమె ఒప్పుకోవలసి వచ్చింది. అయినా ఒహాయో, పెన్సిల్వేనియా వంటి పెద్ద రాష్ట్రాలలో ఆమే గెలిచారు. కార్మికుల ఓట్లు నాకే పడుతున్నాయి, నవంబరులో గెలవగలిగేది నేనేనని ఆమె సూపర్ డెలిగేట్లకు, అంటే పార్టీ పదవుల రీత్యా ఓటు హక్కున్న ప్రతినిధులకు, వాదన వినిపించారు. ఈ వాదనలో ఒక పొరపాటు ఉంది. ప్రైమరీలో తన పార్టీవారి మధ్య ఓడినంత మాత్రాన, అసలు ఎన్నికలో ఎదుటి పార్టీ చేతిలోనూ ఓడాలని లేదు. నవంబరులో ఒబామా ఒహాయోనూ, పెన్సిల్వేనియానూ గెలిచారు; ప్రైమరీలో అంత అక్కరకు వచ్చిన ఐడహోలో చిత్తుగా ఓడారు.

జూన్ 3న ఒబామా నామినేషన్‌కు అవసరమైన 2,118 మంది ప్రతినిధుల మార్కును దాటారు. ఇద్దరిలో ఒక్కొక్కరికీ కోటీ డెబ్బై లక్షలకు పైగా ఓట్లు వచ్చిన పోటీ అది.

ఇన్ని చెప్పి, విధానం గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు, ఎందుకంటే ఆ పోటీలో అతి తక్కువ మంది పట్టించుకున్నదీ, సామాన్యుని జీవితాన్ని అందరికంటే ఎక్కువ తాకినదీ అదే. ఆరోగ్య బీమాను ప్రతి ఒక్కరూ తీసుకొని తీరాలని హిల్లరీ పథకం చెప్పింది. ఒబామా ఆ నిబంధనను పిల్లలకే పరిమితం చేశారు. పెద్దలను నిర్బంధిస్తే భారమవుతుందని ఒహాయోలో ఇళ్లకు కరపత్రాలు పంపారు, వాటిపై ఆమె బహిరంగంగా మండిపడ్డారు. పంటల బీమా తెలిసిన మన రైతుకు ఆమె వాదన వెంటనే అర్థమవుతుంది: పంట పోతుందని తెలిసినవారు మాత్రమే ప్రీమియం కడితే ఆ నిధి నిలవదు, ప్రీమియం పెరుగుతూ పోతుంది. రోగులే కాక ఆరోగ్యవంతులు కూడా చేరాలి. ప్రచారంలో ఆమె చెప్పిన ఆ మాట కటువుగా వినిపించింది, ఆయన మాట ఇంపుగా వినిపించింది. రెండేళ్ల తరువాత, 2010 మార్చి 23న, ఒబామా సంతకం చేసిన ఆరోగ్య సంరక్షణ చట్టంలో పెద్దలందరూ బీమా తీసుకోవాలన్న నిబంధన ఉండింది.