మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూశారా?

నిర్వాహకురాలు: మొక్కకు పురుగు పట్టిందంటే చాలు, చేయి స్ప్రే బాటిల్ మీదకే పోతోంది. తప్పంటారా సార్?

కీటక శాస్త్రవేత్త: మందు తప్పనను. ఏ పురుగో చూడకుండా కొట్టడం తప్పంటాను. ఆకు ముడుచుకుందంటే పేనుబంక కావచ్చు, తామర పురుగు కావచ్చు, నల్లి కావచ్చు. మొక్కలకు పట్టే ఈ నల్లికి ఎనిమిది కాళ్లు. అది కీటకం కాదు, సాలీడుకు చుట్టం. చాలా పురుగుమందులకు చావదు. దాన్ని తినే మిత్రజీవులు మాత్రం చస్తాయి. మందు కొట్టాక నల్లి ఇంకా ఎక్కువైందని వాపోయేది అందుకే.

తోట పెంపకందారు: నేనొకటి చెప్పాలండీ. పేనుబంక పట్టిన కొమ్మ మీద నల్లటి ఒళ్లు, నారింజ మచ్చలతో గరుగ్గా ఒక పురుగు పాకుతుంటుంది. చూడగానే భయపడి ముందు దాన్నే నలిపేస్తారు. అది అక్షింతల పురుగు పిల్ల! పేనుబంకను వరసపెట్టి తినేది అదే. దాన్ని చంపుకుంటే ఇక మన తోటకు దిక్కెవరు?

నిర్వాహకురాలు: అలాగని చేతులు కట్టుకుని కూర్చుంటే మొక్క దక్కుతుందా? అందరి టెన్షన్ అదే.

తోట పెంపకందారు: కూర్చోమనట్లేదు మేడమ్. నీళ్ల పైపుతో ఆకుల అడుగున గట్టిగా కొట్టండి. రాలిన పేనుబంక పురుగుల్లో చాలావరకు మళ్లీ మొక్క ఎక్కలేవు. చీమలు బారులు తీరి ఎక్కుతుంటే వాటిని ఆపండి. పేనుబంక విడిచే తీపి జిగట కోసం అవే దానికి కాపలా కాస్తాయి.

కీటక శాస్త్రవేత్త: ఆకు నల్లబడేదీ ఆ జిగట మీద పెరిగే మసి తెగులుతోనే. పురుగు పోకుండా తెగులు మందు కొట్టి లాభం లేదు.

నిర్వాహకురాలు: వేపనూనె సంగతేమిటి?

కీటక శాస్త్రవేత్త: లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కొంచెం లిక్విడ్ సబ్బు. సబ్బు లేకపోతే నూనె పైకి తేలి, చిక్కగా పడ్డచోట ఆకు మాడుతుంది. ముందు రెండు ఆకుల మీద కొట్టి ఒక రోజు ఆగండి. ఎండ తగ్గాకే కొట్టాలి, ఆకు అడుగు తడవాలి.

నిర్వాహకురాలు: రసాయన మందు తప్పకపోతే?

కీటక శాస్త్రవేత్త: లేబుల్ మీద ఆ మొక్క, ఆ పురుగు పేర్లు ఉండాలి. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో చూడాలి. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్క లోపలికే పోతాయి, కాయ కడిగినా పోవు. పుప్పొడిలోకీ చేరి తేనెటీగలకు ముప్పు తెస్తాయి. పూత మీదున్న మొక్కకు అసలొద్దు.

తోట పెంపకందారు: బొద్దింకల స్ప్రే మొక్కలకు కొట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ఆకులు మాడిపోతాయి.

నిర్వాహకురాలు: చివరిగా, మందారానికి పట్టే పిండినల్లి?

తోట పెంపకందారు: పేరులో నల్లి ఉన్నా అది కీటకమే. దాని ఒంటి మీద మైనం పూత ఉంటుంది, మందు జారిపోతుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో కణుపుల సందుల్లో తుడవండి. బాగా పట్టిన కొమ్మను కత్తిరించి, కవర్లో మూతి కట్టి పారేయండి. కుండీ పక్కనే పడేస్తే మళ్లీ పాకి ఎక్కుతుంది.