ఎపిసోడ్ 37: టీసీపీడంప్ ఫిల్టర్లు నేర్చుకుందాం

మాధవి: నమస్కారం, నేను మాధవి.

శీను: నేను శీను. పోయిన వారం ఆడియో గురించి మెయిల్ పెట్టిన వాళ్లందరికీ ముందే చెప్తున్నా, నీలం కేబుల్ తీసేశాం.

మాధవి: దాచిపెట్టాను. పారెయ్యలేదు.

శీను: సరే అక్కా, ఉంచు. ఇవాళ్టి విషయం టీసీపీడంప్‌లో ఫిల్టర్లు రాయడం. నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్కల్ని, అంటే ప్యాకెట్లని, పట్టి చూపించేది టీసీపీడంప్. అందులో మనకి కావాల్సినవే వడగట్టేది ఫిల్టర్. రెండు నెలల నుంచి అడుగుతున్నారు. 1988లో కాలిఫోర్నియాలో, లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో పుట్టిన పనిముట్టు. వాన్ జేకబ్సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెకాన్ రాశారు. ఈ రోజుకీ ఒక లైనక్స్ సర్వర్ మీద ప్యాకెట్లు చూడాలంటే ముందు చెయ్యి దాని మీదికే పోతుంది.

మాధవి: ఆ 400 గజాల సంగతి చెప్పకుండా దాటేస్తావా?

శీను: నువ్వు చెప్తావని ఆగాను.

మాధవి: 1986 అక్టోబర్. ఆ ల్యాబ్‌కీ, పక్కనే ఉన్న బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య దూరం 400 గజాలు. సెకనుకు 32 వేల బిట్లు పోయే దారిలో 40 బిట్లు పోవడం మొదలైంది. 40 వేలు కాదు శీనూ, నలభై! జవాబు రాలేదని ప్రతి మెషీన్ పంపిందే మళ్లీ పంపుతోంది. దాంతో దారి ఇంకా నిండిపోతోంది. జేకబ్సన్ ఏ ముక్క ఏ క్షణంలో వెళ్లింది, ఏది రెండోసారి వెళ్లింది అని ఒక్కొక్కటే చూశాడు. 1988లో అచ్చయిన ఆయన పేపర్‌లో ఆ చుక్కల గ్రాఫులు ఉన్నాయి. దారి నిండితే పంపేవాడే వేగం తగ్గించుకోవాలి అనే పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. ప్యాకెట్లను కళ్లతో చూడకపోయి ఉంటే ఆ రోజు ఎవరిని తిట్టేవాళ్లు? కేబుల్ వేసినవాణ్ని.

శీను: ఇది నువ్వు చెప్పిన ప్రతిసారీ నాకు బావుంటుంది. సరే, ఫిల్టర్లు. మొదటిది, కమాండ్‌కి తగిలించే ఒక ఆప్షన్, హైఫన్ చిన్న ఎన్. అది పెట్టకపోతే టీసీపీడంప్ ప్రతి ఐపీ అడ్రస్‌కీ పేరేమిటని డీఎన్‌ఎస్‌ని అడుగుతుంది. మనం చూడటానికి వెళ్లి మనమే కొత్త ట్రాఫిక్ పుట్టించినట్టు. రెండోది, దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి ఉంటే, దాని పోర్ట్ 22 కాబట్టి, ‘నాట్ పోర్ట్ 22’ అని తప్పకుండా రాయండి. లేదంటే స్క్రీన్ మీద పడే ప్రతి వరుసా మీ సెషన్‌లోనే ఇంకో ప్యాకెట్ అయి మళ్లీ స్క్రీన్ మీదికి వస్తుంది. మూడోది, ఫలానా మెషీన్ అయితే ‘హోస్ట్’, ఫలానా సర్వీస్ అయితే ‘పోర్ట్’, మధ్యలో ‘అండ్’. ఇవి వస్తే నూటికి తొంభై సార్లు పని అయిపోతుంది.

మాధవి: ఫైల్‌లోకి రాయడం?

శీను: హైఫన్ చిన్న డబ్ల్యూ. రాత్రంతా నడపాలంటే పెద్ద సీ 100, పెద్ద డబ్ల్యూ 20 పెట్టండి. పది కోట్ల బైట్ల ఫైళ్లు ఇరవై తయారవుతాయి, ఆ తర్వాత పాతదాని మీదే కొత్తది రాస్తుంది. డిస్క్ నిండదు. ఫిల్టర్ అంత తేలిగ్గా ఎందుకు నడుస్తుందంటే, అది కెర్నల్ లోపలే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలోనే, నడుస్తుంది. పనికిరాని ప్యాకెట్ పైకి కాపీ అవ్వదు. మెకాన్, జేకబ్సన్ 1993 జనవరిలో శాన్ డియాగో సదస్సులో చెప్పిన బీపీఎఫ్ అనే ఫిల్టర్ పద్ధతి అదే. ఈబీపీఎఫ్ అని ఇప్పుడు మనం వినేదానికి తాత.

మాధవి: ఎక్కడ పట్టాలో చెప్పకుండా ఎలా పట్టాలో చెప్తున్నావు.

శీను: వచ్చేశావు.

మాధవి: రాకుండా ఎలా? ఒక శ్రోత అడిగారు చూడు. ‘మా వైపు ఒక్క క్యాప్చర్ తీస్తే చాలదా, అవతలి వాళ్లు ఇవ్వడం లేదు’ అని. క్యాప్చర్ అంటే పట్టిన ప్యాకెట్ల ఫైల్. నేను మళ్లీ మళ్లీ చెప్తున్నా. రెండు వైపులా పట్టాలి.

శీను: అవతలి వాళ్లు ఇవ్వరక్కా. నువ్వు నెట్‌వర్క్ టీమ్‌లో ఉన్నావు కాబట్టి నీకు అన్ని తలుపులూ తెరుస్తారు. మా అప్లికేషన్ వాళ్లకి ఎవరు తెరుస్తారు? అయినా ఒక్క వైపు నుంచే ఎంతో తెలుస్తుంది. విను. క్లయింట్ దగ్గర, అంటే సర్వర్‌ని అడిగే మెషీన్ దగ్గర, పట్టాం. కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్ వెళ్లింది, 30 మిల్లీసెకన్లలో దానికి జవాబు, సిన్-ఆక్, వచ్చింది. అంటే రానూపోనూ దారికి పట్టేది 30. తర్వాత మన రిక్వెస్ట్ వెళ్లింది, 30లోనే ఆక్ వచ్చింది. అందింది అన్నమాట. కానీ డేటా నాలుగు సెకన్ల తర్వాత వచ్చింది. ఆ నాలుగు సెకన్లు ఎవరివి? సర్వర్‌వి. డేటాబేస్ ఆలోచిస్తోంది. ఇది చెప్పడానికి అవతల క్యాప్చర్ ఎందుకు?

మాధవి: దానికి అక్కర్లేదు, ఒప్పుకుంటా. జవాబు వచ్చింది కాబట్టి లెక్క కట్టగలిగావు. అసలేమీ రాకపోతే? నిశ్శబ్దంగా ఉంటే? పంపలేదా, పంపితే దారిలో పోయిందా? ఒక వైపు కూర్చుంటే నిశ్శబ్దం ఒకేలా కనిపిస్తుంది.

శీను: ఇప్పుడు నువ్వు ఖమ్మం బ్రాంచి దగ్గరికి వెళ్తావు.

మాధవి: వెళ్తాను. నువ్వే చెప్పు, నీ వైపు నుంచి. ఆ సంస్థ పేరు వద్దు.

శీను: వద్దు. అప్పుడు మేమిద్దరం ఒకే ఆఫీసులో ఉన్నాం, నేను అప్లికేషన్ సపోర్ట్, అక్క నెట్‌వర్క్. మా కస్టమర్ ఒక ల్యాబ్ రిపోర్టుల సంస్థ. ఖమ్మం బ్రాంచికి కొత్త లైన్ వేశారు, పీపీపీఓఈ అనే బ్రాడ్‌బ్యాండ్ పద్ధతిలో. ఆ రోజు నుంచి లాగిన్ అవుతుంది, పేషెంట్ పేరు కొడితే వస్తుంది, రిపోర్ట్ తెరిస్తే మాత్రం తిరుగుతూనే ఉంటుంది. దాదాపు 15 నిమిషాలు చూసి సర్వరే కనెక్షన్ వదిలేస్తుంది. హైదరాబాద్‌లో అదే రిపోర్ట్ క్షణంలో వస్తుంది. బయట జనం కూర్చుని ఉన్నారు, అక్కడి అమ్మాయి ఫోన్‌లో దాదాపు ఏడుస్తోంది. మూడు రోజులు.

మాధవి: బ్రాంచి కంప్యూటర్‌లో వైర్‌షార్క్ పెట్టించావు, ప్యాకెట్లని పట్టి స్క్రీన్ మీద విడమర్చి చూపించేది.

శీను: పెట్టించాను. రిక్వెస్ట్ వెళ్లింది, ఆక్ వచ్చింది, పెద్ద ముక్కలేవీ రాలేదు. చివర్న మిగిలిన ఒక్క చిన్న ముక్క మాత్రం వచ్చింది. దాని పక్కన వైర్‌షార్క్ ‘మునుపటి ముక్క క్యాప్చర్ కాలేదు’ అని నల్ల వరుసలో ఎర్ర అక్షరాలతో రాసింది. బ్రాంచి కంప్యూటర్ పాత నంబరుకే డూప్లికేట్ ఆక్ పంపింది, అంటే మధ్యలోవి అందలేదని. అందుకని సర్వర్ మీద కూడా పట్టాను. అంటే నేనూ రెండు వైపులా పట్టానక్కా, అది గుర్తుంచుకో.

మాధవి: పట్టావు. కాదనను.

శీను: సర్వర్ మీద చూస్తే ఒకే సీక్వెన్స్ నంబరు, అంటే అదే ముక్క, మళ్లీ మళ్లీ వెళ్తోంది. ఒకసారికీ ఇంకోసారికీ మధ్య ఎడం రెట్టింపు, మళ్లీ రెట్టింపు. సర్వర్ పంపుతోంది, బ్రాంచికి చేరడం లేదు. ఆ ఫైల్ బ్రిడ్జ్ కాల్‌లో పెట్టాను. అప్పుడు నువ్వు ఏమన్నావో నువ్వే చెప్పు.

మాధవి: చెప్తాను. ఆ ఫైల్‌లో కొన్ని ప్యాకెట్ల పొడవు 2,920 అని ఉంది. మా లింకులన్నీ 1,500 బైట్లవి. ‘మీ సర్వర్ దారి పట్టనంత పెద్ద ప్యాకెట్లు పంపుతోంది, తప్పు సర్వర్‌ది’ అన్నాను. కాల్‌లో ఇరవై మంది ఉన్నారు.

శీను: మా మేనేజర్ కూడా ఉన్నారు.

మాధవి: ఉన్నారు.

శీను: ఆ రాత్రి సర్వర్ సెట్టింగులన్నీ నాతో మార్పించారు. నాకు తెలుసు అది కాదని. కానీ ఎందుకు కాదో చెప్పడానికి అప్పుడు మాటలు లేవు. ఇప్పుడైతే చెప్పగలను. కెర్నల్ పెద్ద ముద్దని నెట్‌వర్క్ కార్డుకి ఇస్తుంది, దాన్ని 1,460 బైట్ల ముక్కలుగా కోసేది కార్డు. ఆఫ్‌లోడ్ అంటారు. టీసీపీడంప్ కార్డుకి ముందే నిలబడి చూస్తుంది కాబట్టి దానికి ముద్ద కనిపిస్తుంది, ముక్కలు కనిపించవు. 2,920 అంటే 1,460 రెండుసార్లు. వైరు మీద అలాంటి ప్యాకెట్ లేనే లేదు.

మాధవి: శీనూ, ఆ రోజు నేను లెక్క కట్టి చూడకుండా మాట్లాడాను. రెండో రోజు పొద్దున స్విచ్‌లో మిర్రర్ పోర్ట్ పెట్టి, అంటే వైరు మీద పోయేదాని నకలు తీసి, చూస్తే ప్రతి ఫ్రేమూ 1,514 లోపే ఉంది. 1,500, దాని మీద ఈథర్‌నెట్ హెడర్, అంటే ముందు తగిలించే చిరునామా చీటీ, 14. అప్పుడే కాల్ పెట్టి ఆ ఇరవై మందికీ చెప్పాల్సింది. నీకు ఒక్కడికే మెసేజ్ పెట్టాను. అది తప్పు.

శీను: అయిపోయింది అక్కా.

మాధవి: అయిపోయిందని కాదు, చెప్పాలి. సారీ.

శీను: సరే. (కొంచెం ఆగి) సరే అక్కా. మిగతాది కూడా చెప్పు, వినేవాళ్లు మధ్యలో ఉండిపోయారు.

మాధవి: పీపీపీఓఈ తన హెడర్లకి ఎనిమిది బైట్లు తీసుకుంటుంది. 1,500లో ఎనిమిది పోతే 1,492. బ్రాంచి కంప్యూటర్‌కి అది తెలియదు. హ్యాండ్‌షేక్‌లో, అంటే మొదటి సిన్, సిన్-ఆక్ పలకరింపుల్లో, నేను ఒక్కో ముక్కలో 1,460 తీసుకోగలను అని చెప్పింది. సర్వర్ నమ్మి, హెడర్లు 40 కలిపి 1,500 బైట్ల ప్యాకెట్ పంపింది, విడగొట్టొద్దు అనే గుర్తుతో. ఆ లైన్ మొదట్లో ఉన్న రౌటర్ దాన్ని పారేసి, ‘పట్టలేదు, 1,492కి తగ్గించు’ అని ఐసీఎంపీ కబురు పంపింది. నెట్‌వర్క్‌లో ఇలాంటి ఇబ్బందులు చెప్పుకునే కబుర్లు అవి. టైప్ 3, కోడ్ 4. ఆ కబురు సర్వర్‌కి అందితే చిన్న ముక్కలు పంపేది, కథ అయిపోయేది. లాగిన్ ఎందుకు అయిందంటే అందులో అన్నీ చిన్న ప్యాకెట్లే.

శీను: కబురు అందలేదు.

మాధవి: ఫైర్‌వాల్ బయటి వైపు పట్టాను, కబురు వరుసగా వస్తోంది. లోపలి వైపు పట్టాను, ఒక్కటీ లేదు. ఎవరో భద్రత పేరు చెప్పి ఐసీఎంపీ మొత్తం కట్టేశారు. ఆ ఫైర్‌వాల్ మా టీమ్‌ది. అందుకే అంటాను, రెండు వైపులు కూడా చాలవు ఒక్కోసారి, మధ్యలో కూడా పట్టాలి.

శీను: ఒక్కటి అడగనా? నువ్వు మధ్యలో పట్టడానికి కారణం ఏంటి? నా రెండు ఫైళ్లు చెప్పాయి కదా, పోయేది దారిలోనేనని.

మాధవి: చెప్పాయి. అవి లేకపోతే ఎక్కడ వెతకాలో నాకు తెలిసేది కాదు.

శీను: అది చాలు నాకు.

మాధవి: ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క రకం కబురు వదిలాం. బ్రాంచి రౌటర్‌లో ఒక్కో ముక్కలో తీసుకోగలిగే డేటా అంకెని (ఎంఎస్‌ఎస్) 1,452కి బిగించాం, అంటే హ్యాండ్‌షేక్ అటుగా పోతున్నప్పుడే రౌటర్ ఆ అంకె తగ్గించి రాస్తుంది. రిపోర్ట్ వచ్చింది. ఖమ్మం అమ్మాయి ఫోన్ పెట్టకుండా ఇంకో నాలుగు రిపోర్టులు తీసి చూసింది.

శీను: గొంతు మారిపోయింది ఆమెది. నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి అనుమానం ఉంటే, విండోస్‌లో పింగ్ హైఫన్ ఎఫ్ హైఫన్ ఎల్ 1472 కొట్టి చూడండి, పింగ్‌కి జవాబిచ్చే సర్వర్‌కి. దాని మీద హెడర్లు 28 కలిస్తే 1,500. అది పోకుండా 1464 పోతే మీ దారి 1,492దే.

మాధవి: పోవడం లేదంటే అంతటితో నెట్‌వర్క్ తప్పు అని రాసేయకండి.





శీను: ఇంకొకటి, నా మనసులో ఉన్నది. ఆ మూడు రోజుల్లో తీసిన ఫైళ్లు ఎంత మంది చేతులు మారాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్. అప్పుడు ఆ అప్లికేషన్‌కి ఎన్‌క్రిప్షన్ లేదు. క్యాప్చర్ తెరిస్తే పేషెంట్ పేరు, షుగర్ ఎంత, అన్నీ అక్షరాల్లో కనిపించాయి. ఇవాళ టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ ఉంది, లోపలి మాట కనిపించదు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎంత అనేది ఇప్పటికీ కనిపిస్తుంది. మన సమస్యలకు చాలాసార్లు అదే సరిపోతుంది కూడా. అందుకని హైఫన్ చిన్న ఎస్ 96 పెట్టండి. ప్రతి ప్యాకెట్‌లో మొదటి 96 బైట్లే ఉంచుతుంది, హెడర్లు దాదాపు అన్నీ అందులోనే వచ్చేస్తాయి. ఏమీ పెట్టకపోతే 2,62,144 బైట్ల దాకా ఉంచేస్తుంది, అంటే మొత్తం. పైగా మీది కాని నెట్‌వర్క్‌లో పట్టకండి. రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

మాధవి: పని అయ్యాక ఫైల్ తుడిచెయ్యండి. నేను టికెట్ మూసేటప్పుడు ఆ మాట కూడా రాస్తాను, తుడిచాను అని.

శీను: ఫిల్టర్లు అసలు అవ్వనే లేదక్కా. ఫ్లాగ్‌లతో వడగట్టడం చెప్తానన్నాను, సిన్ మాత్రమే పట్టడం.

మాధవి: వచ్చే వారం. ఇంకో ప్రశ్న ఉంది, చదువుతాను. ‘మీరు చెప్పినట్టే రెండు వైపులా పట్టాను.’ చూశావా?

శీను: చూశాను, చదువు.

మాధవి: ‘కానీ రెండు ఫైళ్లూ పక్కపక్కన పెడితే రిక్వెస్ట్ వెళ్లకముందే సర్వర్‌కి అందినట్టు ఉంది. మూడు సెకన్ల ముందు.’

శీను: గడియారాలు కలవలేదు. రెండు మెషీన్లలో గడియారం సరిచేసే ఎన్‌టీపీ నడుస్తోందో లేదో చూసుకోవాలి.

మాధవి: ముందే పట్టేశాక ఏం చెయ్యాలి అని కదా ఆయన అడిగేది. వైర్‌షార్క్‌లో టైమ్ షిఫ్ట్ ఉంది. రెండు ఫైళ్లలోనూ అదే సిన్ వెతకండి, సీక్వెన్స్ నంబరు చూసి. మధ్యలో ప్రాక్సీ లేకపోతే నంబరు కలుస్తుంది, ఒకవేళ ఫైర్‌వాల్ ఆ నంబర్లు మార్చేస్తుంటే మాత్రం—

శీను: అక్కా, కరెంట్ పోయింది. యూపీఎస్ కూస్తోంది.

మాధవి: ఎంత ఉంది?

శీను: నాలుగు నిమిషాలు చూపిస్తోంది. ముందు రికార్డింగ్ సేవ్ చేస్తాను.

మాధవి: చెయ్యి, చెయ్యి. ఆ ప్రశ్న అడిగినాయన పేరు రాసి పెట్టు, వచ్చే వారం దీంతోనే—