బటన్‌కి పేరు పెట్టకుంటే నేనేం నొక్కాలప్పా? ఓపెన్ సోర్స్ స్క్రీన్ రీడర్ల మీద నా రివ్యూ

నమస్తే అందరికీ, అనంతపురం నుంచి మాట్లాడతాండా. ముందే చెప్తా, వీడియోలో నా మొహం సగమే కనపడతాంటే ఆ తప్పు నాది కాదు, కెమెరా పెట్టింది మా అక్క కొడుకు, వాడు ఒక చేత్తో ఉగ్గాని తింటా ఇంకో చేత్తో పెట్టినాడు. నాకు చూపు లేదు కాబట్టి నేను చెక్ చేసేది లేదు, తిట్టాలంటే వాన్నే తిట్టుకోండి.

సరే, విషయానికొస్తా. స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉండేదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాం, ఓపెన్ సోర్స్ అంటే కోడ్ ఎవరైనా చూసి మార్చుకునేలా బయట పెట్టింది. మా నాయనకి చిల్లరంగడి ఉంది, అప్పుల లెక్క నేను ఫోన్లో రాస్తా. ఒక ఓపెన్ సోర్స్ యాప్ పెట్టుకున్నా, పేరు వద్దులే పాపం, యాడ్స్ లేవు, ఇంటర్నెట్ అడగదు, అంతా బాగుంది. కానీ పైన మూడు బొమ్మ బటన్లు ఉంటాయి. వాటి మీద వేలు పెడితే నా ఫోన్ ఏమంటదో వినండి... "అన్‌లేబుల్డ్, బటన్." పక్కది? "అన్‌లేబుల్డ్, బటన్." ఇంకోటి? అదే. మీకు చెత్తబుట్ట బొమ్మ కనపడతాది, నాకు మూడు మూసిన తలుపులు. మధ్యది సేవ్ అనుకుని డబుల్ ట్యాప్ చేస్తి. మూడు నెలల లెక్క పాయ. మా నాయన ఏమనలే, కానీ ఆ రోజు రాత్రి భోజనం చేసేటప్పుడు కూడా ఏమనలే, అదే బాధ.

మళ్ళా ఇది పెద్ద రిపేరేం కాదు, ఆండ్రాయిడ్‌లో కంటెంట్ డిస్క్రిప్షన్ అని ఒకటి ఉంటాది, యాప్ కోడ్‌లో ఆ బొమ్మ పక్కన "సేవ్" అని ఒక్క మాట రాస్తే చాలు, ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ దాన్ని చదివేస్తాది. రాయకపోతే అది మాత్రం ఏం చదువుతాది? కొన్ని బటన్లకి మనమే టాక్‌బ్యాక్‌లో పేరు పెట్టుకోవచ్చు, కానీ అన్నిటికీ ఆ సౌకర్యం రాదు, పైగా ఆ పేరు పెట్టాలంటే ముందు అది ఏం బటనో ఎవరైనా చూసి చెప్పాల కదా.

టాక్‌బ్యాక్ గూగుల్‌దే అయినా దాని సోర్స్ కోడ్ గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైటులో పెట్టినారు. వాడకం సులువు, వేలు కుడికి జరిపితే తర్వాతది, ఎడమకి జరిపితే ముందరిది, రెండుసార్లు కొడితే నొక్కినట్టు. తిరకాసు యాడ వస్తాదంటే, గూగుల్ లేని ఫోన్ కావాలని వేరే రోమ్, అంటే ఫోన్‌ని నడిపే వేరే సాఫ్ట్‌వేర్, ఎక్కిస్తారు చూడండి, ఆడ. ఆండ్రాయిడ్ మూల కోడ్‌లో టాక్‌బ్యాక్ కలిసి రాదు, కాబట్టి చాలా రోమ్‌లు మొదటిసారి ఆన్ చేస్తే మూగగా ఉంటాయి. స్క్రీన్ రీడర్ ఎక్కించాలంటే స్క్రీన్ చదవాల, స్క్రీన్ చదవాలంటే స్క్రీన్ రీడర్ కావాల. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్నట్టు. గ్రాఫీన్‌ఓఎస్ అనే రోమ్ చేసేవాళ్ళు మాత్రం టాక్‌బ్యాక్‌ని తమ పద్ధతిలో కట్టి లోపలే ఇస్తారు, ఆ ఒక్కదానికి నేను దండం పెడతా. స్క్రీన్ రీడర్‌కి గొంతు కావాలంటే ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల అంగడిలో ఈస్పీక్ ఎన్‌జీ దొరుకుతాది, దాంట్లో తెలుగు కూడా ఉంది.

ఆ గొంతు ఎట్లుంటాదో వినిపిస్తా... ఏం, నవ్వొచ్చిందా? రేకు డబ్బాలో మనిషిని కూర్చోబెట్టినట్టు ఉంటాది. మా అమ్మ అయితే "ఆ దయ్యాన్ని ఆపు రా" అంటాది. కానీ ఇది మనిషి గొంతు రికార్డు చేసి అతికించింది కాదు, లెక్కలతో పుట్టించిన శబ్దం, కాబట్టి సైజు చాలా చిన్నది, నొక్కిన వెంటనే పలుకుతాది, ఎంత స్పీడు పెంచినా అక్షరం మింగదు. ఇప్పుడు నేను రోజూ వినే స్పీడు పెడతా... అర్థం కాలేదు కదా? నాకు అయింది, కరెంటు బిల్లు మెసేజ్ అది. తియ్యటి గొంతులు ఈ స్పీడుకి ముద్దముద్దగా అయిపోతాయి. అందుకే నేను కథలు వినేదానికి ఒక గొంతు, పనికి ఈ డబ్బా గొంతు పెట్టుకున్నా.

ఇంక కంప్యూటర్. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే ఆయన మొదలుపెట్టినాడు, తర్వాత జేమీ టే కలిసినాడు, ఇద్దరికీ చూపు లేదు. డబ్బు పెట్టి కొనే స్క్రీన్ రీడర్ల రేటు వింటే మా అంగడి సరుకంతా అమ్మినా సరిపోదేమో అనిపిస్తాది, ఇది మాత్రం ఉచితం, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్కోళ్ళ కంప్యూటర్లో కూడా నడిపించొచ్చు. వెబ్ పేజీలో హెచ్ నొక్కితే హెడ్డింగ్ నుంచి హెడ్డింగ్‌కి దూకుతాది, బి నొక్కితే బటన్లు, కె నొక్కితే లింకులు. వాగుడు ఆపాలంటే కంట్రోల్, ఇది ఫస్ట్ నేర్చుకోండి, లేకుంటే బస్సులో పరువు పోతాది. ఒక్కటే తమాషా, ఇంత మంచి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదనే నడుస్తాది.

అందుకే పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఓపెన్ సోర్స్ లైనక్స్ వేసినా. ఎవ్వర్నీ పిలవలే, నేనే వేసినా! డెబియన్ అనే లైనక్స్ రకం ఉంది, దాని ఇన్‌స్టాలర్ బూట్ మెనూ దగ్గరికి రాగానే బీప్ అంటాది, అప్పుడు ఎస్ కొట్టి ఎంటర్ కొడితే ఇన్‌స్టాలేషన్ అంతా మాట్లాడతానే పోతాది. ఆ బీప్ వినపడినప్పుడు నా చేతులు వణికినాయి, నిజం చెప్తాండా, పదేళ్ళుగా ఏ కంప్యూటర్ ఫార్మాట్ చేయాలన్నా ఎవర్నో ఒకర్ని బతిమాలుకుంటి.

లైనక్స్‌లో స్క్రీన్ రీడర్ పేరు ఆర్కా. గ్నోమ్ అనే లైనక్స్ డెస్క్‌టాప్‌లో ఆల్ట్, సూపర్ (విండోస్ కీ), ఎస్ మూడూ కలిపి నొక్కితే లేస్తాది. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ రెండూ నాకు పనికొచ్చినాయి. తెర మీద విండోలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్ వచ్చినాక కొంచెం గోల అయింది, ఎందుకంటే వేలాండ్ పద్ధతిలో ఒక ప్రోగ్రాంలో మనం నొక్కే కీలు ఇంకో ప్రోగ్రాం వినకూడదు, అది సెక్యూరిటీకి మంచిదే, కానీ స్క్రీన్ రీడర్ బతుకే కీలు వినడం కదా. గ్నోమ్ 48లో దానికి దారి చూపించినారు, క్యాప్స్ లాక్ పట్టుకుని ఆర్కా షార్ట్‌కట్లు కొట్టొచ్చు. నా మార్కులు అడిగితే పదికి ఎన్‌వీడీఏకి తొమ్మిది, ఆర్కాకి ఆరున్నర, ఆ అర మార్కు బీప్‌కి, అది డెబియన్ వాళ్ళదే అయినా సరే.

ఇప్పుడు అసలు కడుపు మంట. మొన్న ఒక ఆఫీసు నుంచి తెలుగు పీడీఎఫ్ వచ్చింది, నేను తెరిస్తే "డాలర్, క్యాపిటల్ క్యూ, సెమీకోలన్" అని చదువుతాంది. పాత అను ఫాంట్లతో కొట్టినారు. చూసేవాళ్ళకి చక్కని తెలుగు, లోపల ఉండేది మాత్రం ఇంగ్లీష్ అక్షరాల గందరగోళం. ప్రతి తెలుగు అక్షరానికి సొంత నంబర్ ఉండే యూనికోడ్ కాదు. ఏ స్క్రీన్ రీడర్ తెచ్చినా ఇదే కథ. టెసెరాక్ట్ అని ఓపెన్ సోర్స్ ఓసీఆర్ ఉంది, తెలుగు వస్తాది, పేజీని ఫోటోలాగా చూసి అక్షరాలు తీస్తాది, దాంతో లాగించినా, ఒత్తుల దగ్గర తడబడింది గానీ ఆఖరు తేదీ దొరికింది, అది నిన్నటితో అయిపోయింది. డీటీపీ సెంటర్ అన్నలారా, యూనికోడ్‌లో కొట్టండప్పా, రెండు నిమిషాల పని.

అంగడి యాప్ సంగతి మర్చిపోతి. దాన్ని చేసినాయనకి రాసినా, తిట్టలేదు, ఏ బటన్ ఏమంటాందో వరసగా రాసి పంపినా. నాలుగు రోజులకి కొత్త వెర్షన్ వచ్చింది. వినండి... "సేవ్, బటన్." "డిలీట్, బటన్." మూడోది "షేర్", అది ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు.

మీ ఫోన్లో కూడా ఒకసారి టాక్‌బ్యాక్ ఆన్ చేసి కళ్ళు మూసుకుని మీరు రోజూ వాడే యాప్ తిప్పి చూడండి. కానీ ముందు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి పోయి వాల్యూమ్ షార్ట్‌కట్ పెట్టుకోండి, అప్పుడు రెండు వాల్యూమ్ బటన్లు కలిపి మూడు సెకన్లు పట్టుకుంటే ఆగిపోతాది. పోయినసారి మా పక్కింటి మామ అది పెట్టుకోకుండా ఆన్ చేసి, ఆపేది రాక, రాత్రి పదకొండుకి మా తలుపు కొట్టినాడు, ఫోన్ చొక్కా జేబులో వాగతానే ఉంది.