మొదటి పది మ్యాచ్‌లను ఎంతవరకు నమ్మాలి? (డంకన్‌ను ఇంటికి పంపిన రాత్రి గురించి చాలాసేపు)

మాధవి: నమస్కారం. రికార్డింగ్ మొదలైంది. అన్నయ్యా, మామయ్య ముందు వేసిన ఒట్టు గుర్తుందిగా?

వాసు: గుర్తుంది. మొదటి పది నిమిషాలు ఫ్రీ త్రోల మాట, అంటే ఫౌల్ అయినప్పుడు గీత దగ్గర నిలబడి అడ్డు లేకుండా వేసే షాట్ల మాట, ఎత్తను.

మాధవి: శ్రోతలే సాక్ష్యం. ఈ వారం విషయం ఇది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2025-26 సీజన్ మొదలై మూడు వారాలు దాటింది. కోచ్‌లు ఏ కొత్త ఎత్తుగడలతో వచ్చారు, వాటిలో ఏప్రిల్ దాకా నిలిచేవి ఏవి? హ్యూస్టన్, మయామి, కోర్టు పొడవునా ఒత్తిడి పెట్టే డిఫెన్స్, ఆ తర్వాత నీ శాన్ ఆంటోనియో జట్టు స్పర్స్. ఈ వరుసలోనే వెళదాం.

వాసు: హ్యూస్టన్‌తో మొదలుపెడతాను. స్టీవెన్ ఆడమ్స్, అల్పెరెన్ షెంగున్ ఇద్దరినీ ఒకేసారి కోర్టులోకి దింపుతున్నారు. పదేళ్లుగా చాలా జట్లు బుట్ట దగ్గర ఆడే పొడగరితో, అంటే ఒక్క సెంటర్‌తో సరిపెట్టుకుని, మిగిలిన నలుగురినీ మూడు పాయింట్ల గీత వెలుపల నిలబెడుతున్నాయి. హ్యూస్టన్ ఏటికి ఎదురీదుతోంది. షాట్ తప్పితే తప్పనీ, ఆ బంతి మళ్ళీ మనకే దొరుకుతుంది అన్నది వాళ్ల ధీమా. నాకు చాలా నచ్చింది. పోయిన సీజన్‌లో కూడా ఎదుటి బుట్ట కింద రీబౌండ్లలో, అంటే తప్పిన షాట్ బంతిని పట్టుకోవడంలో, వాళ్లను మించిన జట్టు లేదు.

మాధవి: ఇప్పుడు కెవిన్ డ్యురాంట్ కూడా చేరాడు కదా.

వాసు: చేరాడు. అయినా మొదటి మ్యాచ్ ఎలా చేజారింది? ఓక్లహోమాలో, ఛాంపియన్లకు ఉంగరాలు ఇచ్చిన రాత్రి, రెండు ఓవర్‌టైమ్‌లు ఆడారు. హ్యూస్టన్ ఒక్క పాయింట్ ముందుంది. ఇంకా 2.3 సెకన్లు ఉండగా డ్యురాంట్ ఆరో ఫౌల్ చేసి బయటికి వెళ్లాడు. ఓక్లహోమా ఆటగాడు గిల్జస్-అలెగ్జాండర్ గీత దగ్గరికి వచ్చాడు. రెండూ వేశాడు. 125-124. అందుకే ఫ్రీ త్రో అనేది...

మాధవి: ఇదిగో! రెండు నిమిషాలైనా కాలేదు.

వాసు: మ్యాచ్ ఫలితం చెబుతుంటే అది దానంతట అదే వచ్చింది. నేను ఎత్తలేదు.

మాధవి: సరే, మయామి. అది నేను చెబుతాను. బంతి పట్టుకున్నవాడికి ఇంకొకడు అడ్డుగా నిలబడి దారి చేయడం, అదే స్క్రీన్, లీగ్ అంతా దాని మీదే బతుకుతోంది. మయామి కోచ్ స్పోల్‌స్ట్రా ఈ ఏడాది దాన్ని చాలావరకు పక్కన పెట్టించాడు. బంతి అందగానే పరుగు, ఖాళీ కనిపిస్తే దూరిపోవడం, లేకపోతే వెంటనే పాస్. చూడటానికి ఎంత హాయిగా ఉందో! కానీ సీజన్ చివర కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో ఒకే ప్రత్యర్థి వరుసగా ఏడు మ్యాచ్‌లు చదివితే ఇది నిలుస్తుందా అన్నది నా సందేహం.

వాసు: నిలవదు.

మాధవి: అంత తేలిగ్గా తీసిపారేయకు. 2010లో లెబ్రాన్, వేడ్, బాష్ కలిసిన కొత్తలో ఇదే మయామి, ఇదే కోచ్. మొదటి 17 మ్యాచ్‌లలో 9 గెలిచి 8 ఓడారు. స్పోల్‌స్ట్రాను తీసేయాలని ఎంతమంది అరిచారో. ఆ జట్టే 58 గెలిచి ఫైనల్స్‌కు వెళ్లింది.

వాసు: వెళ్లి ఓడింది. డాలస్ చేతిలో.

మాధవి: ఆ డాలస్ కోచ్ ఎవరు?

వాసు: మొదలైంది. రిక్ కార్లైల్, ఇప్పుడు ఇండియానా పేసర్స్ కోచ్. తిప్పి తిప్పి నీ ఇండియానా దగ్గరికే తీసుకొస్తావని తెలుసు.

మాధవి: తెస్తాను మరి! మొదటి పది మ్యాచ్‌లను నమ్మకండి అని చెప్పడానికి పేసర్స్ కంటే గొప్ప రుజువు ఏముంది? 2024-25లో వాళ్లు 10 గెలిచి 15 ఓడారు. జేమ్స్ వైజ్‌మన్‌కు తొలి మ్యాచ్‌లోనే మడమ వెనుక ఉండే అకిలీస్ స్నాయువు తెగింది. కొద్ది రోజులకే ఐజయా జాక్సన్‌కూ అదే గాయం. నెంబార్డ్, నెస్మిత్ కూడా గాయాలతో కూర్చున్నారు. అదే సమయంలో క్లీవ్‌లాండ్ వరుసగా 15 గెలిచింది. ఒక్క ఓటమి లేదు. రెండు జట్లూ ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో ఎదురుపడితే ఏమయింది? ఇండియానా 4-1. ఆ 10-15 జట్టు ఫైనల్స్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది.

వాసు: ఒప్పుకుంటాను. కానీ క్లీవ్‌లాండ్ వాళ్లు ఆ రౌండ్‌కు వచ్చేసరికి గాయాలతో కుంటుతున్నారు. గార్లండ్ కాలి వేలు, చివరికి మిచెల్ చీలమండ.

మాధవి: అసలు విషయం అక్కడే ఉంది. క్లీవ్‌లాండ్ కోచ్ కెనీ అట్కిన్సన్ ఆ సీజన్ అంతా మిచెల్‌ను మ్యాచ్‌కు సగటున 31 నిమిషాలే ఆడించాడు. అతని కెరీర్‌లో అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఆ పద్ధతి సరైనదే అంటాను నేను. నిమిషాలు తగ్గించు, మ్యాచ్ మాత్రం ఎగ్గొట్టకు. కార్లైల్ ప్లేఆఫ్స్‌లో కూడా పదిమందిని తిప్పాడు. కోర్టు పొడవునా బంతిని వెంటాడే డిఫెన్స్ ఆడాలంటే పదిమంది కావాల్సిందే. ఈ సీజన్‌లో చాలా జట్లు దాన్నే పట్టుకున్నాయి.

వాసు: నిమిషాలు తగ్గిస్తే సరిపోదు మాధవీ. రాత్రి మ్యాచ్ అయ్యాక విమానం ఎక్కి, ఇంకో ఊళ్లో అర్ధరాత్రి దాటాక దిగి, మర్నాడు సాయంత్రం మళ్ళీ ఆడాలి. 31 నిమిషాలు ఆడినా 38 ఆడినా పోయిన నిద్ర పోయినట్టే. శరీరానికి కావలసింది మొత్తం ఒక రాత్రి. అప్పటి స్పర్స్ కోచ్ పొపొవిచ్ అందరికంటే ముందు గ్రహించింది అదే.

మాధవి: 2012 నవంబరా?

వాసు: 2012 నవంబర్ 29. చెప్పనీ. స్పర్స్‌కు అది వరుసగా ఆరో బయటి మ్యాచ్. ఐదు రాత్రుల్లో నాలుగో ఆట. జట్టులో ముఖ్యులైన డంకన్, పార్కర్, జినోబిలి, డానీ గ్రీన్ నలుగురినీ పొపొవిచ్ మామూలు విమానంలో ఇంటికి పంపేశాడు. మయామిలో మ్యాచ్, దేశమంతా టీవీలో చూస్తోంది. కమిషనర్ డేవిడ్ స్టెర్న్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేశాడు. ఆ మిగిలిన కుర్రాళ్లు ఛాంపియన్ జట్టుతో చివరి నిమిషం దాకా పోరాడి 105-100తో ఓడారు. అంత పోరాటం చూపించిన జట్టుకు జరిమానా! నాకు ఇప్పటికీ మండుతుంది.

మాధవి: నాకు మాత్రం ఆ రాత్రి టికెట్ కొన్నవాళ్లు గుర్తొస్తారు. తూర్పు జట్టు మైదానానికి పడమటి జట్టు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. డంకన్‌ను ఒక్కసారి కళ్లారా చూద్దామని నెలల ముందే డబ్బు కట్టిన పిల్లవాడికి ఎవరు సమాధానం చెబుతారు? ఆట అనేది చూసేవాళ్ల కోసం కదా. మైకేల్ జోర్డాన్ తొమ్మిది సీజన్లలో 82కి 82 మ్యాచ్‌లూ ఆడాడు. ఎ.సి. గ్రీన్ వరుసగా 1,192 ఆడాడు. వాళ్లవి శరీరాలు కావా?

వాసు: అప్పటి ఆట ఇది కాదు. అప్పుడు డిఫెండర్ సగం సేపు బుట్ట దగ్గరే నిలబడేవాడు. ఇప్పుడు బుట్ట కింద నుంచి మూల దాకా పరుగెత్తాలి, ఆగాలి, ఎగరాలి, మళ్ళీ వెనక్కి పరుగెత్తాలి. ఒక్క క్వార్టర్‌లో ఎన్నిసార్లో చూడు. పైగా 2018-19లో టొరంటో కవాయ్ లెనార్డ్‌ను 60 మ్యాచ్‌లే ఆడించింది. జూన్‌లో కప్పు ఎత్తింది. ఇంకేం కావాలి?

మాధవి: ఒక్క లెనార్డ్‌ను చూపించి మొత్తం లీగ్‌కు నియమం చేస్తావా? ఆ దారి పట్టిన జట్లలో ఎన్ని గెలిచాయి? కొన్నిచోట్ల అది విశ్రాంతి కూడా కాదు, బద్ధకం. అందుకే 2023లో లీగ్ నియమాలు బిగించింది. పెద్ద అవార్డులకు 65 మ్యాచ్‌లు తప్పనిసరి అంది.

వాసు: ఆ 65 నియమాన్ని నువ్వు సమర్థిస్తున్నావా? నువ్వా?

మాధవి: ఎందుకు సమర్థించకూడదు?

వాసు: మొదటి ఏడాదే దాని దెబ్బ తగిలింది ఎవరికి? మీ టైరీస్ హాలిబర్టన్‌కే. తొడ వెనుక కండరం పట్టేసి ఉన్నా, అవార్డు లెక్క తప్పుతుందని తొందరగా తిరిగి వచ్చాడు. లీగ్ ఉత్తమ జట్లలో చోటు దొరికితే అతని ఒప్పందం విలువ సుమారు నాలుగు కోట్ల డాలర్లు పెరుగుతుంది. కుంటుతూ అయినా ఆడమని నియమమే తోసింది. ఆ నియమం చెడ్డదని అతనే నిర్మొహమాటంగా అన్నాడు కదా.

మాధవి: అన్నాడు.

వాసు: మరి 2025 జూన్‌లో ఫైనల్స్‌లో పిక్క కండరం గాయంతో...

మాధవి: అన్నయ్యా, అది వేరు. దాన్ని దీనికి ముడిపెట్టకు.

వాసు: నేను అంటున్నది...

మాధవి: నువ్వు ఏమంటావో తెలుసు. అది సీజన్ మధ్యలో వచ్చిన మామూలు మ్యాచ్ కాదు, ఫైనల్స్ ఏడో మ్యాచ్. ఐదో మ్యాచ్‌లో పిక్క పట్టేసింది. ఆరోది ఆడి గెలిపించుకున్నారు. ఏడో మ్యాచ్ మొదటి క్వార్టర్‌లో మూడు త్రీలు వేశాడు, తొమ్మిది పాయింట్లు. ఆ తర్వాత పడిపోయి నేలను చేత్తో కొడుతుంటే... అకిలీస్ అని అందరికీ తెలిసిపోయింది. ఆ ఒక్క మ్యాచ్‌కు కూర్చోమని ఎవరు చెప్పగలరు? నేనైతే చెప్పలేను. ఇప్పటికీ చెప్పలేను.

వాసు: నేనూ చెప్పలేను.

మాధవి: ఆ ప్లేఆఫ్స్‌లో లిలార్డ్, టేటమ్, ఇతను. ముగ్గురికీ అదే గాయం, ముగ్గురిదీ సున్నా నంబరే. ఈ సీజన్ అంతా హాలిబర్టన్ లేడు. పదేళ్లు మాతో ఉన్న మైల్స్ టర్నర్ మిల్వాకీ వెళ్లిపోయాడు. ఇప్పటిదాకా ఒక్క గెలుపు. మొదటి పది మ్యాచ్‌లను నమ్మకండి అని నేనే చెప్పి, నేనే ఆ పట్టిక రోజూ చూస్తున్నాను.

వాసు: మొన్న ఓక్లహోమాతో రెండు ఓవర్‌టైమ్‌ల దాకా ఆడిన జట్టు ఇదే కదా. గిల్జస్-అలెగ్జాండర్ 55 వేస్తే తప్ప ఛాంపియన్లు గట్టెక్కలేదు. హాలిబర్టన్ లేకుండా! కార్లైల్ ఉన్నంతకాలం ఆ జట్టు ఆట మరచిపోదు.

మాధవి: 141-135. ఆ మ్యాచ్ మళ్ళీ చూశాను. మాథురిన్ ఎలా ఆడాడో... సరే. స్పర్స్ గురించి చెప్పు. సమయం అయిపోతోంది.

వాసు: స్పర్స్ వరుసగా ఐదు గెలిచి సీజన్ మొదలుపెట్టారు. జట్టు చరిత్రలో ఎప్పుడూ లేని ఆరంభం. పొపొవిచ్ కాలంలో కూడా లేదు. ఇప్పుడు కోచ్ మిచ్ జాన్సన్. వెంబన్యామా తొలి మ్యాచ్‌లోనే డాలస్ మీద 40 పాయింట్లు, 15 రీబౌండ్లు. పోయిన ఫిబ్రవరిలో భుజంలో రక్తం గడ్డకట్టి సీజన్ మధ్యలో ఆపేసిన కుర్రాడు. అతను ఎగిరిన ప్రతిసారీ నా ప్రాణం గొంతులోకి వస్తుంది.

మాధవి: అయితే అతన్ని కూర్చోబెట్టాలంటావు.

వాసు: వరుస రాత్రుల మ్యాచ్‌లలో రెండోది ఆడించకూడదు. పోయిన సీజన్ పోయినట్టే, ఇంకొక సీజన్ పోకూడదు. జరిమానా పడితే పడనీ.

మాధవి: నేను ఒప్పుకోను. 28 నిమిషాలు ఆడించు, కానీ ఆడించు. అతన్ని చూడకుండా ఒక ఊరు ఊరంతా వెనక్కి వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు.

వాసు: పది నిమిషాలు దాటాయా?

మాధవి: ఎప్పుడో దాటాయి. కానీయ్.

వాసు: ఈ మూడు వారాల్లో ఏ జట్టు ఆటలోనైనా నేను ముందు చూసేది ఫ్రీ త్రోలే. డిఫెన్స్ మారుతుంది, వరుస మారుతుంది, గీత నుంచి బుట్టకు దూరం మాత్రం ఎక్కడైనా 15 అడుగులే. అడ్డు ఎవరూ ఉండరు. విల్ట్ చాంబర్లేన్ 1961-62లో కింది నుంచి రెండు చేతులతో వేశాడు. ఆ ఏడాది 61 శాతం. హెర్షీలో వంద పాయింట్లు చేసిన రాత్రి 32లో 28 వేశాడు. చూడటానికి బాగుండదని ఆ పద్ధతి మానేశాడు. కెరీర్ మొత్తం మీద 51 దగ్గర ఆగిపోయాడు. రిక్ బ్యారీ అదే పద్ధతిలో 90 దగ్గర ఉన్నాడు. ఇన్ని దశాబ్దాలైనా ధైర్యం చేసే సెంటర్లు దాదాపు లేరు!

మాధవి: అన్నయ్యా, ఇదంతా 2013 ఫైనల్స్‌లో స్పర్స్ మయామి చేతిలో ఓడిన ఆరో మ్యాచ్ గురించేనని శ్రోతలందరికీ తెలుసు.

వాసు: తెలియనీ. జినోబిలి రెండింటిలో ఒకటి వేశాడు. 19 సెకన్లు ఉండగా లెనార్డ్ కూడా రెండింటిలో ఒకటి. ఆ రెండింటిలో ఏ ఒక్కటి పడినా రే ఆలెన్ మూల నుంచి వేసిన త్రీతో స్కోరు సమం అయ్యేది కాదు. 95-95 అయ్యేది కాదు. కప్పు ఆ రాత్రే మాది.

మాధవి: మూడు పాయింట్లు ముందున్నప్పుడు, త్రీ వేయనివ్వకుండా ముందే ఫౌల్ చేసి ఉంటే సరిపోయేది. అది ఎందుకు అనవు?

వాసు: ఫౌల్ చేస్తే వాళ్లకు రెండు ఫ్రీ త్రోలు. మొదటిది వేసి, రెండోది కావాలని వదిలేసి, రీబౌండ్ లాక్కుంటే? ఆ సమయంలో డంకన్ కోర్టులో లేడు, బెంచ్ మీద ఉన్నాడు.

మాధవి: డంకన్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టింది ఎవరు? విశ్రాంతి గురించి అందరికంటే ముందు గ్రహించిన ఆ కోచే కదా!

వాసు: అది విశ్రాంతి కాదు! మూడు పాయింట్ల గీత కాయడానికి చురుకైనవాళ్లను దింపాడు. అది సరైన నిర్ణయమే.

మాధవి: రీబౌండ్ బాష్‌కు దొరికింది. సరైన నిర్ణయం ఎలా అవుతుంది?

వాసు: దొరికినా సరైనదే. ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని తూచకూడదు.

మాధవి: ఫౌల్ చేయాల్సింది.

వాసు: చేయకూడదు.

మాధవి: సరే, పోర్ట్‌లాండ్ మ్యాచ్ మొదలవుతోంది. నేను ఆపేస్తున్నాను.

వాసు: ఆగు, డెట్రాయిట్ గురించి శ్రోతలు అడిగింది ఇంకా...

మాధవి: వచ్చే వారం.